ఇంగెవురన్నా మాట్లాడేదుండాదా?

ఆజ్ఞ ఇచ్చేవాడు లేడు, కాదంటే జీతం కోసేవాడూ లేడు. అయినా వేలమంది కలిసి సాఫ్టువేరు రాస్తారు, కొట్లాడుకుంటారు, ఒక మాట మీదికి వస్తారు. ఎట్లా? రచ్చకట్ట ఎరిగిన అనంతపురం జిల్లావాళ్లకు ఇది మరీ కొత్త సంగతేమీ కాదు.

మా నాయన ఊరు కళ్యాణదుర్గం వైపు. ఊరి నడుమ వేపచెట్టు, చుట్టూ రాతికట్ట. కోస్తా వాళ్లు రచ్చబండ అంటారు, మాకది రచ్చకట్ట. నా చిన్నతనంలో ఎండాకాలం రాత్రులు దాని మీద జరిగిన పంచాయితీలు చాలావరకు నీళ్లవే. ఎవరి బోరు ఎవరి బావికి మరీ దగ్గరగా పడింది, చెరువు నీళ్లు ముందు ఏ మడికి కట్టాలి, కాలవ పూడిక తీసే వంతు ఎవరిది. అక్కడ చెప్పిన తీర్పులు ఒక్కటీ నాకిప్పుడు గుర్తులేవు. ఒక మాట మాత్రం గుర్తుంది. అందరూ అనాల్సింది అనేశాక, కండువా దులుపుకుని లేవబోయే ముందు, పెద్దాయన ఒకరు చుట్టూ చూసి అడిగేవాడు: "ఇంగెవురన్నా మాట్లాడేదుండాదా?"

కాసేపు ఎవరూ పలికేవాళ్లు కాదు. ఒక్కోరోజు ఆ నిశ్శబ్దంలో కట్ట చివర కూచున్నవాడెవడో గొంతు సవరించుకునేవాడు. అంతే, ముగిసిందనుకున్న పంచాయితీ మళ్లీ మొదటికి వచ్చేది. పిల్లలం మేం నిద్రకు తూలుతూ విసుక్కునేవాళ్లం. పెద్దాయన విసుక్కోవడం నేను చూడలేదు.

చాలా ఏళ్ల తర్వాత సాఫ్టువేరును తెలుగులోకి తెచ్చే పనుల్లో నేనూ ఒక చెయ్యి వేశాను. అక్కడ మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఒకరు హైదరాబాదులో, ఒకరు బెర్లిన్‌లో, ఇంకొకరు ఎక్కడో. ప్రతి పెద్ద నిర్ణయానికి ముందు మాత్రం మా పెద్దాయన అడిగిన ప్రశ్నే వేరే భాషలో వినిపించేది.

చెయ్యనంటే చేసేదేమీ లేదు

సాఫ్టువేరు అంటే మనుషులు రాసిన రాత, దాన్నే కోడ్ అంటారు. ఆ రాతను దాచిపెట్టకుండా, ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని నలుగురికీ పంచొచ్చు అని లైసెన్సులో రాసిస్తే అది ఓపెన్ సోర్స్. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన, కంప్యూటర్లను నడిపించే లినక్స్ ఇలా పెరిగిందే. మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడుస్తున్నదీ అదే. ఇవాళ లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు రాసేవాళ్లలో ఎక్కువమంది కంపెనీల జీతగాళ్లు, నిజమే. కానీ దాని చుట్టూ పుట్టిన ఎన్నో ప్రాజెక్టులు ఇప్పటికీ ఇష్టంతో చేసేవాళ్ల భుజాల మీదే ఉన్నాయి.

వాటిలో పెద్దది, లినక్స్‌కు మిగతా ప్రోగ్రాములు జోడించి పంచే డెబియన్. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. ఉబుంటు దీని మీద కట్టిందే. సుమారు వెయ్యిమంది సభ్యులు, దేశదేశాల్లో. 1998లో వీళ్లు తమకోసం ఒక రాజ్యాంగం రాసుకున్నారు. అందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ప్రాజెక్టు కోసం ఫలానా పని చేసి తీరాలన్న బాధ్యత ఎవరి మీదా లేదని అది తేల్చి చెబుతుంది. అప్పగించిన పని ఇష్టం లేకపోతే చెయ్యనక్కర్లేదు. కాకపోతే, పద్ధతి ప్రకారం తీసుకున్న నిర్ణయానికి అడ్డం పడి మాత్రం పని చెయ్యకూడదు.

ఈ రెండు మాటల నడుమే మొత్తం కిటుకు ఉంది. జీతం ఇవ్వనివాడు ఆజ్ఞ ఇవ్వలేడు. వందమంది చేతులెత్తి "నువ్వే చెయ్యాలి" అన్నా, ఆ ఒక్కడు ఇంటికి వెళ్లి పడుకుంటే అడిగేవాడు లేడు. కాబట్టి ఇలాంటి చోట నిర్ణయానికి అసలు పరీక్ష మర్నాడు పొద్దున: మాట నెగ్గనివాడు మళ్లీ పనిలోకి వచ్చాడా?

ఈ ప్రాజెక్టులు కనిపెట్టిన పద్ధతులన్నీ, నాకు అర్థమైనంతవరకు, ఆ ఒక్క మనిషిని పోగొట్టుకోకుండా ఉండేందుకే.

మౌనం ఎంతవరకు అంగీకారం

వెబ్‌సైట్లను జనానికి చేరవేసే అపాచీ సర్వరు 1995లో కొద్దిమంది కలిసి చేసుకున్నది. 1999లో దానికొక ఫౌండేషన్ ఏర్పడింది. వాళ్ల పద్ధతి చూస్తే మన "మౌనం అర్ధాంగీకారం" గుర్తుకొస్తుంది. చిన్న మార్పు చేయాలనుకున్నవాడు "నేనిది చేయబోతున్నా" అని అందరికీ చెబుతాడు. ఎవరూ కాదనకపోతే చేసుకుపోతాడు. ప్రతిదానికీ అందరి చేత అవుననిపించుకోవాలంటే ఏ పనీ కదలదు కదా.

పెద్ద విషయాలకు ఓటు ఉంటుంది. ఒప్పుకుంటే ప్లస్ ఒకటి, వద్దంటే మైనస్ ఒకటి. ఓటుకు మామూలుగా కనీసం 72 గంటలు గడువిస్తారు. ఒకరికి పగలైతే ఇంకొకరికి రాత్రి, ఒకరికి ఆఫీసు, ఇంకొకరికి పిల్లల పరీక్షలు. అందరికీ ఒకసారి తలెత్తి చూసే వీలు దొరకాలి. కట్ట మీద పెద్దాయన ఆగిన ఆ కాసేపే ఇక్కడ మూడు రోజులైంది.

కోడ్ మార్పు విషయంలో ఒక్క మైనస్ పడినా పని ఆగిపోతుంది. అయితే దాని వెంట సాంకేతికమైన కారణం చెప్పాలి. కారణం లేని మైనస్ చెల్లదు. "నాకు నచ్చలేదు" అంటే కుదరదు, "ఇది పెడితే ఫలానా చోట విరుగుతుంది" అనాలి. అప్పుడు ఆ ఒక్క గొంతు ఇరవై గొంతులకు సమానం. ఊళ్లో కూడా చూశాను: అందరూ బోరు ఇక్కడే వేద్దామంటుంటే "ఆడ అడుగున సాపరాయి" అని ఒక్కడంటే మాట ఆగిపోయేది. ఎంతమంది అన్నారని ఎవరూ లెక్కపెట్టరు. రాయి ఉందా లేదా అని చూస్తారు.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ అనే బృందం ఇంకో అడుగు ముందుకేసింది. రాజులు వద్దు, అధ్యక్షులు వద్దు, ఓట్లూ వద్దు, ఉజ్జాయింపుగా కుదిరిన ఏకాభిప్రాయం, నడిచే కోడ్ చాలు అని 1992లో డేవిడ్ క్లార్క్ చెప్పిన మాట వాళ్లకు మంత్రమైంది. సమావేశాల్లో చేతులెత్తించడానికి బదులు, ఒప్పుకున్నవాళ్లను నోరు మూసుకునే "హుమ్మ్" అనమంటారు. ఎవరు ఎటు అన్నారో తెలియదు, గదిలో మొగ్గు ఎటుందో చెవికి తెలుస్తుంది. అక్కడితో ఆగరు. వద్దన్నవాళ్లను "ఎందుకు?" అని అడుగుతారు. 2014లో వాళ్లు వెలువరించిన ఒక పత్రం దీన్ని కొసదాకా తీసుకెళ్లింది. అయిదుగురు అవునని, వందమంది కాదన్నా సరే, ఏకాభిప్రాయం కుదిరినట్టే కావచ్చంటుంది అది. వందమందీ చెబుతున్నది ఒకే అభ్యంతరమై, దానికి సరైన జవాబు ఎప్పుడో దొరికి ఉంటే, వందసార్లు చెప్పినంత మాత్రాన దాని బరువు పెరగదు. మొదటిసారి చదివినప్పుడు నాకు మింగుడు పడలేదు. ఎన్నికలంటే తలలు లెక్కపెట్టడమేనని నమ్మి పెరిగినవాళ్లం కదా.

తూర్పా, పడమరా, గుడి పక్కనా

కారణాలతో తేలనివీ ఉంటాయి. నాయకుడిగా ఎవరుండాలి? రెండు దారులూ సరైనవే అయినప్పుడు ఏ దారి? అప్పుడు డెబియన్ ఓటుకు వెళ్తుంది. ఏటా తమ నాయకుడిని ఎన్నుకునేదీ అలాగే. కానీ ఓటు వేసే తీరు మన పద్ధతి కాదు. ఒక్కరికి గుర్తు వేసి రావడం ఉండదు. అందరినీ వరుసలో పెట్టాలి: మొదట వీరు, తర్వాత వీరు, ఆ తర్వాత వీరు. "పైవేవీ వద్దు" అన్నదానికీ ఆ వరుసలో చోటుంది.

దీని లోతు తెలియాలంటే మన ఊరికి రావాలి. తొమ్మిదిమంది కూచుని మంచినీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టాలని మాట్లాడుకుంటున్నారు. నలుగురు తూర్పు వీధి అంటారు, అది కాకపోతే గుడి పక్కన, పడమర మాత్రం వద్దు. ముగ్గురు పడమర వీధి, కాకపోతే గుడి పక్కన, తూర్పు వద్దు. ఇద్దరు గుడి పక్కనే అంటారు, కాకపోతే పడమర, చివరకు తూర్పు. మన లెక్క ప్రకారం నాలుగు ఓట్లతో తూర్పు గెలుస్తుంది. మిగిలిన అయిదుగురికీ అది అన్నిటికన్నా ఇష్టం లేని చోటు. ఇప్పుడు జంటజంటగా పోల్చి చూడండి. గుడి, తూర్పు పోటీ పడితే గుడికి అయిదు, తూర్పుకు నాలుగు. గుడి, పడమర పోటీ పడితే గుడికి ఆరు, పడమరకు మూడు. మొదటి ఓట్లు ఇద్దరివే పడ్డ గుడి పక్కన చోటు మిగతా రెండింటినీ ఓడించింది.

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు కాండోర్సే పేరు మీద ఈ లెక్క ప్రసిద్ధం. ఎక్కువమందికి తొలి ఇష్టమైనదాని వెంట పడకుండా, ఏ జంటలోనూ ఓడనిదాన్ని వెతుకుతుంది. ట్యాంకు గుడి పక్కన కడితే తూర్పువాళ్లూ పడమరవాళ్లూ బిందె తీసుకుని వస్తారు.

ఇంత జాగ్రత్త ఉన్నా ఇల్లు చీలదని లేదు. 2014లో డెబియన్ అటువంటి ఏడాదే చూసింది. కంప్యూటరు ఆన్ చేయగానే మిగతా ప్రోగ్రాములన్నిటినీ నిద్రలేపే మూల ప్రోగ్రామును మార్చాలా అన్నది గొడవ. సిస్టమ్‌డీ అనే కొత్తది కావాలన్నవాళ్లు కొందరు, అది మరీ పెత్తనం చేస్తుందన్నవాళ్లు కొందరు. నెలల తరబడి వాదించుకున్నారు. సాంకేతిక కమిటీలో ఓట్లు సరిసమానమయ్యాయి. ఫిబ్రవరిలో అధ్యక్షుడు బీడేల్ గార్బీ తన నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డీ వైపు తేల్చాడు. నియమం ప్రకారం అంతా సవ్యమే. కానీ మర్నాటి పరీక్షలో డెబియన్ పూర్తిగా నెగ్గలేదు. ఆ ఏడాది ముగిసేలోపు కొందరు పెద్దలు బాధ్యతల నుంచి తప్పుకున్నారు. నవంబరులో ఇంకొందరు డెబియన్ కోడ్‌నంతా తీసుకుని డెవువాన్ అనే పేరుతో వేరుకాపురం పెట్టారు.

వేరుకాపురం అన్న మాట ఊరికే వాడలేదు. ఓపెన్ సోర్స్‌లో ఒప్పుకోనివాడికి ఉన్న చివరి హక్కు అదే. లైసెన్సు ఎవరినైనా మొత్తం కోడ్ తీసుకుపొమ్మంటుంది. అన్నదమ్ములు విడిపోతే అయిదెకరాలు రెండున్నర అవుతుంది. ఇక్కడ ఇద్దరికీ అయిదేసి ఎకరాలు మిగులుతాయి. సగమయ్యేది చేతులు, స్నేహాలు. ఒక్కోసారి విడిపోవడమే మేలు కూడా. 2010లో, ఉత్తరాలు, పట్టికలు రాసుకునే ఓపెన్ ఆఫీసును వదిలి లిబ్రే ఆఫీసుగా బయటికొచ్చినవాళ్లే ఇవాళ నిలదొక్కుకున్నారు. "పో" అనలేని ఇంటిపెద్ద, పోగలిగిన కొడుకు ఉన్నచోట మాటలు కొంచెం మర్యాదగా నడుస్తాయి. ఎవరూ వాడకపోయినా ఆ హక్కు అక్కడ ఉండటమే వాదనను అదుపులో పెడుతుంది.

ఇంటిపెద్ద అలసిపోతే

అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు పిల్లలు నేర్చుకునే కంప్యూటరు భాషల్లో పైథాన్ ఒకటి. దాన్ని పుట్టించిన గీడో వాన్ రోసమ్‌కు "జీవితాంతం దయగల నియంత" అనే ముద్దుపేరుండేది. ఎంత వాదన జరిగినా చివరి మాట ఆయనదే. 2018లో పైథాన్ రాతలో ఒక చిన్న కొత్త గుర్తు చేర్చే ప్రతిపాదన మీద వాదన ముదిరింది. ఆయన ఒప్పుకున్నాడు, అది చేరింది. కానీ జులై 12న, ఒక నిర్ణయం కోసం ఇంత పోరాడి ఇంతమంది కోపానికి గురి కావడం ఇక తన వల్ల కాదని తప్పుకున్నాడు. నెగ్గినవాడే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ మర్నాటి పరీక్ష నెగ్గినవాడికీ ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. తర్వాత నెలల పాటు సభ్యులు రకరకాల పాలన పద్ధతుల ముసాయిదాలు రాసి, డిసెంబరులో ఓటు వేసి, అయిదుగురి మండలిని ఎంచుకున్నారు. ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి అందులో ఉండకూడదు.

ఇంకా భయపెట్టే కథ 2024 మార్చిది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాము, లోకమంతా వాడుతుంది, చూసుకునేవాడు ఒక్కడే. ఆరోగ్యం, ఓపిక రెండూ సన్నగిల్లిన మనిషి. "పని మందగించింది, ఇంకొకరికి అప్పగించు" అని కొత్త గొంతులు ఆయన మీద ఒత్తిడి పెట్టాయి. నమ్మకంగా పనిచేస్తూ వచ్చిన ఒక కొత్త మనిషి చేతికి తాళంచెవులు వెళ్లాయి. ఆ మనిషి అందులో దొంగదారి పెట్టాడు. కంప్యూటరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి బయటపడింది. అక్కడ నిర్ణయం తీసుకునే గుంపే లేదు. ఒంటరి మనిషి, ఆయన అలసట.

తెవికీ రచ్చబండ

మన భాషలో ఈ పద్ధతి ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్న చోటు తెలుగు వికీపీడియా, పొట్టిగా తెవికీ. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టారు. వీవెన్ తయారుచేసిన లేఖిని వంటి పరికరాలు వచ్చాక తెలుగులో టైపు చేయడం సులువై చేతులు పెరిగాయి. దాని వెనక నడిచే మీడియావికీ కూడా ఓపెన్ సోర్సే. సముదాయం మొత్తం కూడి మాట్లాడుకునే పేజీకి వాళ్లు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? రచ్చబండ.

పేరు ఎవరికి తోచిందో గానీ, చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ పేజీని ఊరి చేతిపంపు అంటారు. మనవాళ్లు దాన్ని అనువదించలేదు, మన ఊళ్లోకి వెళ్లి వెతికారు. నాలుగు వాక్యాల చిన్న వ్యాసానికి "మొలక" అన్న పేరు కూడా అలాంటిదే. మెట్టపొలం ఎరిగినవాళ్లకు అందులో ఆశ, బెంగ రెండూ వినిపిస్తాయి.

అక్కడ పెద్ద పెద్ద చర్చలు చాలావరకు మాటల గురించే. ఫైలు అనాలా, దస్త్రం అనాలా? ఖాతా ఉన్నవాడిని మొదట సభ్యుడన్నారు, తర్వాత "వాడుకరి" నిలిచింది. ఆడా మగా తేడా లేని మాట, వాడుక అన్న మన మాటలోంచే పుట్టింది. అంతర్జాలం జనంలోకి వెళ్లింది. బ్రౌజరుకు విహారిణి అన్నారు, అందమైన మాటే, నిలవలేదు. ఇక్కడ ఓటు వేసి మాటను గెలిపించినా లాభం లేదు. ఓడినవాడు రేపు తన వ్యాసంలో తనకిష్టమైన మాటే రాస్తాడు. నలుగురి చేతుల్లో ఏ మాట ఆడితే అదే మిగులుతుంది.

ఊరి పేరే తీసుకోండి. ప్రభుత్వ రికార్డుల్లో అనంతపురము, జనం నోట అనంతపురం. ఎవరి మాట నిలవాలి? వికీలో పాటించే సూత్రం, చదివేవాళ్లు వెతికే పేరుకు మొగ్గు చూపమంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండై, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. కదిరి, హిందూపురం, ధర్మవరం, పెనుకొండ, మడకశిర అటు వెళ్లాయి. వందల గ్రామాల వ్యాసాల్లో జిల్లా పేరు మారాలి, పాత చరిత్రలో మాత్రం మారకూడదు. ఎవరూ ఉత్తర్వు ఇవ్వని ఆ పని ఇష్టమైనవాళ్ల రాత్రుళ్ల మీద నడుస్తుంది. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో పేజీ చరిత్రలో ఉంటుంది, తప్పైతే వెనక్కి తిప్పొచ్చు. రాతికట్ట మీద మాటకు ఆ వీలు లేదు.

గోడ మీద లెక్క

ఆజ్ఞ లేకుండా అందరిదీ అయినదాన్ని కాపాడుకోవడం ఈ జిల్లాకు చావుబతుకుల సమస్య. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూఇటూగా పడే వాన. నేల కింద నీళ్లకు గట్టు లేదు. నా బోరు లోతుకు దిగితే నీ బోరు ఎండుతుంది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. రాత్రికి రాత్రి వచ్చిపోయే బోరు లారీని అది ఎంత ఆపగలిగిందో రైతులకు తెలుసు.

ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో అనంతపురంతో సహా ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరవు జిల్లాల్లో, 600కు పైగా గ్రామాల్లో ఒక పని జరిగింది. రైతులే వాన కొలిచారు. రైతులే బావుల్లో నీటిమట్టం పదిహేను రోజులకోసారి కొలిచారు. రబీకి ముందు అందరూ కూడి, నేలలో ఎంత నీరుంది, అనుకున్న పంటలు వేస్తే ఎంత కావాలి అని లెక్క కట్టారు. అందరికీ కనిపించేలా ఊళ్లో రాశారు. వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ ఆదేశించలేదు. లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు, చాలామంది నీళ్లు తక్కువ తాగే పంటలకు మళ్లారు. శింగనమల మండలం మదిరేపల్లిలో రైతులు ఇంకో అడుగు వేశారు: కొత్త బోర్లు వేయకుండా, ఉన్నవాటి నీటిని పక్కవాళ్లతో పంచుకోవాలని ఒప్పుకున్నారు.

నా దృష్టిలో ఇది ఓపెన్ సోర్సే. లెక్క దాచకపోవడం, కారణం అందరి ముందూ పెట్టడం, నిర్ణయం చేసేవాడికి వదిలేయడం. బలహీనత కూడా అదే. ప్రాజెక్టు డబ్బు ఆగిపోయాక చాలాచోట్ల కొలతలు ఆగాయని తర్వాత వెళ్లిన పరిశోధకులు రాశారు. బావిలోకి టేపు దించేవాడు కూడా అలసిపోతాడు. ఎక్స్‌జెడ్ ఇంటిపెద్దలాగే.

కట్ట మీద లేనివాళ్లు

మళ్లీ మా రచ్చకట్ట దగ్గరికి వస్తాను. దాన్ని ఇంతసేపు మెచ్చుకున్నాను కాబట్టి మిగతాదీ చెప్పాలి. ఆ ప్రశ్న కట్ట మీద కూచున్నవాళ్లకే. కట్ట ఎక్కే అర్హత లేదని ఊరు తేల్చిన కులాలవాళ్లు కింద దూరంగా నిలబడేవాళ్లు. ఆడవాళ్లు వాకిళ్లలో. వాళ్ల మౌనాన్ని కూడా అంగీకారం కిందే జమ చేశారు.

సాఫ్టువేరు లోకంలో కట్టకు కులం లేదంటారు. గొప్ప మాట. కానీ చర్చంతా ఇంగ్లీషులో నడుస్తుంది. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి వంటా పిల్లలూ అయ్యాక 72 గంటల్లో జవాబు రాయగల తీరిక ఎవరికి ఉంటుంది? డెబియన్‌లోనైనా, వికీపీడియాలోనైనా ఆడవాళ్లు ఇప్పటికీ బాగా తక్కువ. తలుపు తెరిచే ఉందనడం నిజమే. తలుపు దాకా వచ్చే దారి గురించి ఎవరూ లెక్క రాయలేదు. పాత కాపులు విసుగు లేకుండా వాదించగలరు కాబట్టి నెగ్గడం, కొత్త పిల్ల ఒక్క కటువు జవాబుకు మళ్లీ కనిపించకపోవడం నేను చూశాను. ఆమె రాలేదని కూడా ఎవరూ గమనించలేదు. నేనూ గమనించింది ఆలస్యంగానే.

ఈ వ్యాసం రాస్తూ మా అమ్మను అడిగాను. ఆ రాత్రుళ్లు నువ్వు వాకిట్లో కూచుని అంతా వింటుండేదానివి కదా, నిన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదానివి అని. చాటలో చెనిక్కాయలు ఒలుస్తూ తలెత్తకుండానే చెప్పింది.

"చెరువు పూడిక తీయకుండా బోరు మీద బోరు ఏస్తే నీళ్లు యాడనుంచి వస్తాయి అందును నాయినా. నన్ను ఎవురు అడిగినారు?"